ఆవములో పచ్చబడిన మన్ను



కుమ్మరి అనగానే మనకు జ్ఞాపకము వచ్చునది యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయము. ప్రవక్త కుమ్మరి యింటికి వెళ్లుట, సారెమీద కుండ చెడిపోవుట, కుమ్మరి ఆ మంటినే తీసికొని వేరొక పాత్ర చేయుట - ఈ భాగముమీద మన సంఘములలో ఎన్ని ప్రసంగములు విన్నామో లెక్క లేదు. అయితే వాటిలో చాలామట్టుకు సారె దగ్గరనే ఆగిపోవును. కుమ్మరి పని సారెతో ముగియదు గదా! సారెమీద ఎంత చక్కగా లేచిన కుండయైనను ఆవములో కాలనిదే నీళ్లకు పనికిరాదు. పోసిన పూటకే కరిగి మరల మట్టియైపోవును. కాబట్టి ఈసారి మేము మిమ్మును ఆవము దగ్గరకు తీసికొనిపోవుచున్నాము. అది మన ఊరి ఆవము కాదు. చీనా దేశములో, జెజియాంగ్ రాష్ట్రపు కొండల మధ్య లాంగ్‌చ్వాన్ అను సీమలోని ఆవము.

అక్కడ కాలిన పాత్రలను చీనావారు 'చింగ్‌ త్సి' అందురు. అనగా పచ్చ పింగాణి. యూరోపువారు దానికి సెలడాన్ అని పేరుపెట్టిరి. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి కథ ఒకదానిలో సెలడాన్ అను గొర్రెలకాపరి లేతపచ్చ రిబ్బన్లు ధరించెడివాడట; ఆ రంగునుబట్టి ఈ పేరు వచ్చెనని చెప్పుదురు. కుమ్మరి చేసిన పాత్రకు కాపరి పేరు! బైబిలు చదువువారికి ఈ రెండు వృత్తులు ఒకచోట కలియుట వింతగా తోచదు.

ఈ పూలకూజాలను చూచినవారికి మొదట ఆశ్చర్యము కలిగించునది వాటిమీద ఏమియు లేకపోవుట. పువ్వుల బొమ్మలు లేవు, బంగారు గీతలు లేవు. సుంగ్ వంశపు రాజుల కాలములో చేసిన మేలైన కూజాకు రెండే అందములు, ఆకారము, రంగు. ఒక రకపు కూజాకు గుండ్రని బొజ్జ, దానిమీద నిటారుగా పొడవైన మెడ ఉండును. పట్టుబట్టను మెత్తబరచుటకు కొట్టెడి కొయ్య సుత్తిని తలక్రిందులుగా నిలబెట్టినట్టుండును గనుక జపానువారు దానికి ఆ సుత్తి పేరే పెట్టిరి. కొన్నింటికి మెడకు ఇరుప్రక్కల చేపల ఆకారములో చెవులుండును. ఇక రంగు సంగతి. పచ్చి రేగుపండు తొక్కును, వాన వెలిసిన తరువాత చెరువు నీటిని, లేత వేపచిగురును ఒకచోట చేర్చి, వాటిమీద కొంచెము పాలమీగడ పరచినట్టుండును. వెలుగు పైపైన తళుక్కుమని తిరిగిపోదు. లోపలికి దిగి, అక్కడ కొంతసేపు నిలిచి, మెత్తబడి బయటికి వచ్చును. చీనావారికి పచ్చరాయి అనగా ప్రాణము. మంచివాని గుణములను ఆ రాతితో పోల్చుట వారి పూర్వులనుండి వచ్చిన వాడుక. ఆ రాతిని మంటితో చేయవలెనన్నది ఈ కుమ్మరుల కోరిక.

ఆ కోరిక ఒక్క తరములో నెరవేరలేదు. లాంగ్‌చ్వాన్‌కంటె ముందు అదే రాష్ట్రములో యువే అను కుమ్మరులు పచ్చ పాత్రలు చేసిరి. వారు రాజులకొరకు చేసినదానికి 'రహస్యవర్ణము' అని పేరుండెను. పేరు గ్రంథములలో నిలిచెను గాని అది ఎట్టి రంగో నిశ్చయముగా తెలియక పండితులు వందల యేండ్లు వాదించుకొనిరి. 1981లో ఫామెన్ దేవాలయపు గోపురము కొంత కూలెను. 1987లో దాని క్రింది నేలమాళిగను తెరువగా, 874లో మూసిపెట్టిన పాత్రలును వాటి పట్టిక చెక్కిన రాతిపలకయు దొరికెను. అప్పుడుగాని ఆ రంగు ఏదో లోకమునకు తెలియలేదు. ఉత్తరాన హెనాన్ రాష్ట్రములో 'రూ' అను పాత్రలు చేసిరి. లోకమంతటిలో అవి నూటికి లోపుగానే మిగిలియున్నవి. వాటిలో 13 సెంటీమీటర్ల వెడల్పుగల చిన్న గిన్నె ఒకటి, కుంచెలు కడుగుకొను గిన్నె, 2017లో హాంకాంగు వేలములో 29 కోట్ల 43 లక్షల హాంకాంగు డాలర్లకు అమ్ముడుపోయెను. మంటి ఘటములలోని ఐశ్వర్యమును గూర్చి కొరింథీయులకు వ్రాసిన పౌలు ఈ వేలమును చూచినయెడల ఏమనునో! ఆయన దృష్టిలో వెల ఘటమునకు కాదు, లోపలిదానికి. అయినను ఘటమును గూర్చి మాటలాడుట తప్పు కాదు. మనలను మంటితో చేసినవాడే మంటిని తక్కువగా ఎంచలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ఆ పచ్చరంగు ఎక్కడనుండి వచ్చెను? ఆకుపసరు కలుపలేదు, రంగురాయి నూరలేదు. ఆ పచ్చదనమంతయు ఇనుము.

అవును, త్రుప్పు పట్టెడి ఇనుమే. పాత్రమీద పూసెడి గాజుపూతలో కాల్చిన రాతిపొడి, సున్నపురాయి, చెట్ల బూడిద ఉండును. వాటితోకూడ నూటికి ఒకటి మొదలు మూడు పాళ్ల ఇనుము ఉండును. మన యిండ్లలోని ఆవకాయ జాడీ పైభాగమునకుండు గోధుమరంగు కూడ ఇనుమువలన వచ్చినదే. అదే ఇనుము ఇక్కడ గోధుమరంగై, అక్కడ పచ్చయైనదేమి? తేడా గాలిలో నున్నది. ఆవములోనికి గాలి ధారాళముగా వచ్చినయెడల ఇనుము ఆ గాలిలోని ప్రాణవాయువును పట్టుకొని పసుపు, గోధుమ రంగులకు తిరుగును. గాలిదారులు మూసి, కట్టెలు మాత్రము నిండుగా వేసినప్పుడు మంటకు ఊపిరాడదు. ఊపిరాడని మంట, పూతలోని ఇనుమునుండియే ప్రాణవాయువును లాగికొనును. అట్లు పోగొట్టుకొనిన ఇనుము పచ్చబడును. తనయొద్దనున్నది తీసివేయబడినప్పుడే దానికి ఆ రంగు వచ్చుచున్నది. ఇది కల్పించి చెప్పిన ఉపమానము కాదు. రసాయనశాస్త్రము చదివిన మీ పిల్లలను అడిగి చూడుడి.

తెల్లని పింగాణి చేయు కుమ్మరులకు ఇనుము శత్రువు. ఇనుము తక్కువగానున్న మంటినే వారు ఏరుకొందురు. కొంచెము మిగిలినను తెలుపు చెడిపోవును. లాంగ్‌చ్వాన్ కుమ్మరులు దీనికి విరుద్ధముగా చేసిరి. ఇనుము నిండిన ఎర్రమన్నును కొండలలోనుండి త్రవ్వి తెచ్చి తమ మంటిలో కలిపిరి. పైపూత పచ్చగా ఉండి, లోపలి మన్ను నల్లబడి, ఆ నలుపు వెనుకనుండుటవలన పచ్చదనమునకు లోతు వచ్చునని వారికి తెలియును. పాత్రను తలక్రిందులు చేసి చూచిన సంగతి తెలిసిపోవును. అడుగున పూత లేనిచోట ఆవము చల్లారునప్పుడు మరల గాలి తగిలి, మన్ను ఎర్రగా, గోధుమగా మారియుండును. ఆ ఎర్రని అడుగును చీనావారు 'ఇనుపపాదము' అందురు. తెలిసినవారు కూజాను కొనునప్పుడు మొదట చూచునది ఆ పాదమునే.

ప్రియులారా, ఇక్కడ మేము కొంచెము నిలిచి మనలోమాట ఒకటి చెప్పవలసియున్నది. ఇనుము అనగా పాపమని మేము చెప్పుటలేదు. పాపమునకు వేరే మందున్నది. మేము చెప్పుచున్నది పుట్టుకను గూర్చి. మన తాతలు గనులలో దిగినవారు, మిల్లులలో మగ్గము దగ్గర నిలిచినవారు, రైలుదారి వేసినవారు, తోలుపని చేసినవారు, ఈ పట్టణముల వీధులు ఊడ్చినవారు. ఈనాడు వారి మనుమలు ఆఫీసులలోను, ఆసుపత్రులలోను, కాలేజీలలోను ఉన్నారు, దేవునికి స్తోత్రము. కాని పెండ్లి మాటలప్పుడు "మీ తాతగారు ఏమి చేసెడివారు?" అని అడిగిన, మనలో ఎందరము మాట మార్చుదుము? ఇంటిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో కలిసిన తెలుగు మాటలాడి, ఆంధ్రనుండి బంధువు వచ్చినప్పుడు నోరు కట్టుకొను పిల్లలెందరు? ఇనుమును కడిగివేసికొని తెల్లబడవలెనని మన ఆశ. తెల్ల పింగాణి అందముగానే యుండును, కాదనము. కాని ఆ కడిగివేసిన మంటితో ఈ పచ్చని కూజా ఎన్నడును రాదు.

పూత సంగతి కూడ చెప్పవలెను. దక్షిణ సుంగ్ కాలములో, అనగా 1127 మొదలు 1279 వరకు, లాంగ్‌చ్వాన్ పనివారు పూతను ఒక్కసారి వేసి విడువలేదు. ముందు పాత్రను కొద్దిగా కాల్చి గట్టిపరచుదురు. తరువాత పూత వేసి ఆరనిచ్చి, మరల వేసి, మరల ఆరనిత్తురు. కొన్ని పాత్రలలో పూత మంటిగోడకంటె దళసరిగా ఉండును. ఆ దళసరి పూతలో కంటికి కనబడని చిన్న చిన్న గాలిబుడగలు చిక్కుకొనియుండును. వెలుగు లోపల నిలిచిపోవుటకు కారణము ఆ బుడగలే. అచ్చమైన గాజువలె ఉంటే ఆ మెత్తదనము రాదు.

ఇక ఆవము. చీనావారు దానిని మహాసర్పపు ఆవమని పిలుతురు. కొండవాలున ఇటుకలతో కట్టిన సొరంగము. కొన్ని 50 మీటర్లకు మించిన పొడవు. క్రింద నిప్పు రాజవేయగా మంట తనంతట తానే మీదికి ప్రాకును. ప్రక్కల కన్నములగుండ మెట్టుమెట్టునకు కట్టెలు వేయుచు పోవుదురు. బూడిద పడకుండ ప్రతి పాత్రను ఒక మంటిడబ్బాలో పెట్టుదురు. వేడి సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వరకు పోవును. మన ఊరి కుండల ఆవము 900 డిగ్రీలు దాటుట అరుదు. వేడి తగ్గినయెడల పూత మసకగా ఉండును, ఎక్కువైనయెడల కారిపోవును. గాలి ఎప్పుడు మూయవలెను, ఎప్పుడు విడువవలెను అన్నది పనివాడు మంట రంగును చూచి తెలిసికొనవలెను. లోపలనున్న పాత్ర అతనికి కనబడదు. పాత్రకును అతడు కనబడడు. అయినను అతడు కన్నము దగ్గరనుండి కదలడు. శ్రమలలోనున్నవారి యింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు మనము ఏమేమో చెప్పి ఓదార్చ చూతుము. ఈ ఒక్క సంగతి చెప్పిన చాలునని మాకు తోచుచున్నది.

ఈ నేర్పు మింగ్ రాజుల కాలమున సన్నగిల్లి, తరువాత దాదాపు అణగిపోయెను. 1957లో చీనా ప్రభుత్వము పూనుకొని పాత ఆవములను మరల లేవనెత్తుట మొదలుపెట్టెను. 2009లో యునెస్కో సంస్థ లాంగ్‌చ్వాన్ కాల్పు విద్యను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను.

లాంగ్‌చ్వాన్ పాత్రలు నదిమీదుగా తీరమునకు, అక్కడనుండి ఓడలలో లోకమంతటికి పోయెను. 1323లో నింగ్బో రేవునుండి జపానుకు బయలుదేరిన ఓడ ఒకటి కొరియా తీరమున సినాన్ దగ్గర మునిగిపోయెను. 1975లో ఒక జాలరి వలకు పింగాణి పాత్రలు చిక్కగా సంగతి బయటపడెను. 1976 మొదలు 1984 వరకు వెదకి 20,000కు పైగా పింగాణి పాత్రలు పైకి తీసిరి. వాటిలో సగముకంటె ఎక్కువ లాంగ్‌చ్వాన్ పచ్చ పాత్రలే. ఆరువందల యేబది యేండ్లు ఉప్పునీటి బురదలో పడియున్నను, కడిగిన వెంటనే అదే పచ్చదనము!

నింగ్బో అను పేరు మన పెద్దలలో కొందరు వినియుందురు. 1840లో డే దొరగారు నెల్లూరులో కాపురము పెట్టిరి. మూడేండ్లకు, 1843లో, అమెరికా బాప్తిస్టు మిషను వారే డాక్టరు మెక్‌గవన్ దొరగారిని నింగ్బోకు పంపిరి. ఆ విధముగా ఈ పాత్రలు ఓడ ఎక్కిన రేవులోని విశ్వాసులును మనమును ఒక తల్లి బిడ్డల వంటివారము. ఇక వ్యాపారము చూచినయెడల, రామనాథపురము జిల్లాలోని పెరియపట్టినములో త్రవ్వినప్పుడు లాంగ్‌చ్వాన్ పెంకులు దొరికెను. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఓడవర్తకులకు అభయశాసనము వేయించిన మోటుపల్లిలోను చీనా పింగాణి పెంకులు దొరికినవి. తురకదేశపు సుల్తానులు ఇస్తాంబులు నగరిలో 1300కు పైగా పచ్చ పాత్రలు కూర్చుకొనిరి. విషము కలిపిన అన్నము పెట్టినయెడల పళ్లెము రంగు మారుననియు, పగులుననియు రాజులు నమ్మెడివారు. అది నిజము కాదు. అన్నదమ్ములకు భయపడినవారు పళ్లెమును నమ్ముకొనిరి, అంతే. హైదరాబాదు సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఈ పచ్చ పాత్రలున్నవి. ఆ వైపు వెళ్లినవారు తప్పక చూడవలెను.

మరల యిర్మీయా యొద్దకు వచ్చెదము. 18వ అధ్యాయములో చెడిపోయినది పచ్చికుండ. పచ్చిమన్ను గనుక మరల ముద్దచేయవచ్చును. కాని 19వ అధ్యాయములో ప్రవక్త చేతనున్నది కాలిన కూజా. దానిని పెద్దల కన్నులయెదుట పగులగొట్టవలెనని ఆజ్ఞ. కాలినది పగిలిన మరల ముద్ద కాదు, సారెమీదికి ఎక్కదు. మన ప్రసంగములు 18 దగ్గర ఆగిపోవుటకు ఇది కూడ కారణమేమో. యౌవనులకు 18వ అధ్యాయము సరిపోవును. కాని యేబదియేండ్లకు త్రాగుడువలన ఉద్యోగము పోగొట్టుకొన్న మాజీ డీకను సంగతి ఏమి? భర్త విడిచిన తరువాత ఆదివారము వెనుక బెంచీకి మారి, ఆపైన రాకయే మానుకొన్న సహోదరి సంగతి ఏమి? జైలునుండి తిరిగివచ్చి గుడి గేటు దాక వచ్చి మరలిపోయిన కుమారుని సంగతి? వీరు పచ్చిమన్ను కారు. కాలి, పగిలినవారు.

చక్రవర్తుల ఆవములలో దీనికి ఒక పద్ధతి ఉండెను. హాంగ్‌జౌ పట్టణములో 1996లో బయటపడిన రాజుగారి ఆవము దగ్గర గోతులు కనబడెను. కొద్దిపాటి లోపమున్న పాత్రలనుకూడ పగులగొట్టి ఆ గోతులలో పూడ్చిరి. రాజుగారి బల్లమీదికి లోపమున్నది పోరాదు, మరి యొకని చేతికిని చిక్కరాదు. మన పట్టీలనుండి పేర్లు కొట్టివేయుటకును దీనికిని పోలిక కనబడుచున్నది. క్రమశిక్షణ వద్దని మేము అనుటలేదు. సంఘమునకు క్రమము వలయును. కాని పేరు కొట్టివేసిన తరువాత ఆ యింటికి ఎవరు వెళ్లిరని మాత్రము అడుగుచున్నాము. ఆ గోతులలోని పెంకులను ఇప్పటి పండితులు ఏరి, కూర్చి, అతికి ఎన్నో పాత్రలను మరల నిలువబెట్టిరి.

జపానులో మరియొక వృత్తాంతమున్నది. 1727లో ఇటో తోగాయ్ అను పండితుడు దానిని వ్రాసిపెట్టెను. పదిహేనవ శతాబ్దములో షోగును అషికాగా యోషిమాసా యొద్ద ఒక లాంగ్‌చ్వాన్ గిన్నె ఉండెను. సుంగ్ కాలపు పని, పువ్వు విచ్చినట్టు ఆరు రేకుల అంచు. దానికి పగులు వచ్చెను. అతడు దానిని చీనాకు పంపి, దీనివంటిది మరియొకటి పంపుడని కోరెను. అప్పటికి మింగ్ కాలము. ఎంత వెదకినను అంత మంచి గిన్నె దొరకలేదు, చేయగలవారును లేరు. అప్పుడు వారు ఆ పగిలిన గిన్నెకే మరమ్మతు చేసిరి. పూర్వము మన వీధులలో బిందెలకు మాట్లు వేయువారు తిరిగెడివారు, మీకు గుర్తుండును. పింగాణికి మాటు అతుకదు. పగులుకు ఇరుప్రక్కల సన్నని కన్నములు, లోపలివైపు పొడుచుకొని రాకుండ, గోడ మందములో సగము వరకే తొలిచి, వాటిలో లోహపు బందులు బిగింపవలెను. జిగురు లేదు, రంగు లేదు. కొంచెము ఎక్కువ తొలిచినయెడల గిన్నె నాశనము. క్రొత్త గిన్నె చేయుటకు వలసిన చెయ్యి వేరు, దీనికి వలసిన చెయ్యి వేరు.

బందులు మిడతలవలె ఉండుటచేత జపానువారు ఆ గిన్నెకు మిడత పేరే పెట్టిరి. మిడతలనగానే యోవేలు గ్రంథము జ్ఞాపకమునకు వచ్చును. ఆ మిడతలు తినివేసినవి. ఇవి పట్టుకొనియున్నవి.

యోషిమాసా క్రొత్తదానికొరకు మరల కబురు పంపినట్టు ఆ వృత్తాంతములో లేదు. గిన్నె ఇప్పుడు టోక్యో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. పచ్చని పూతమీద బందులు వరుసగా కనబడుచునే యున్నవి.